మన రూలు ఎన్నో లైన్లో ఉంది?

పోయిన భాగం హాస్టల్ మెస్ గురించి. ఈ భాగం హాస్టల్ వైఫై గురించి. మెస్ అంటే ఆకలి, వైఫైలో ఏముంది సార్ అంటారేమో. మొన్నటిదాకా నేనూ అలాగే అనుకున్నాను. అనుకొని ఒక కాగితం మీద సంతకం పెట్టాను. ఆ సంతకం లెక్క తేల్చుకోవడానికే ఇది రాస్తున్నాను.

మేడ్చల్ వైపు ఒక డిగ్రీ కాలేజీ. పేరు రాయను, రాస్తే పిల్లవాడెవరో తెలిసిపోతుంది. బీఎస్సీ కంప్యూటర్స్ రెండో సంవత్సరం పిల్లలు ముగ్గురిని క్రమశిక్షణ కమిటీ ముందుకు పిలిచారు. ఆ కమిటీలో నేనూ సభ్యుణ్ణి. ముగ్గురి మీదా ఒకటే ఆరోపణ: కాలేజీ ఫిల్టర్‌ను దాటడానికి ఫోన్లో ప్రాక్సీ యాప్ వాడారు. ముగ్గురిదీ ఒకే రకం యాప్. ముగ్గురికీ మొదటి తప్పే. మొదటి తప్పుకి రాతపూర్వక హెచ్చరిక అని హాస్టల్ నిబంధనల పుస్తకంలో ఉంది.

మొదటి పిల్లవాడి తండ్రి కొంపల్లిలో బిల్డర్. రెండోవాడి మేనమామ ఇంకో కాలేజీలో ప్రిన్సిపాల్. వాళ్ళిద్దరినీ అడిగింది ఇదే: "ఇవన్నీ ఎక్కడ నేర్చుకుంటర్రా మీరు? ఈ తెలివి ప్రాజెక్టు మీద పెట్టండి." అందరూ నవ్వారు. హెచ్చరిక కాగితం ఇచ్చి పంపించేశారు.

మూడోవాడు ఐదో తరగతి నుంచి ఇంటర్ దాకా గురుకులంలో చదివిన పిల్లవాడు. వాళ్ళ నాన్న తుర్కపల్లి దగ్గర కంపెనీల్లో కాంట్రాక్టు మీద ఊడ్చే పని చేస్తాడు. వీడికి వేరే ప్రశ్నలు. "ఎవరు నేర్పిండ్రు నీకు?" "ఏ గ్రూపుల ఉన్నవ్?" "ఏం చూడనికి పెట్టినవ్?" ఆఖరికి, "ఫోన్ ఇటియ్యి. లాక్ తియ్యి." తీర్పు: ఒక సెమిస్టర్ హాస్టల్ నుంచి బయటికి.

తేడా ఎందుకని అడిగాను. "మీరు తెలుగు డిపార్ట్‌మెంట్ కదా సార్, ఇది టెక్నికల్ మ్యాటర్" అన్నారు. నాకు ఆ యాప్ గురించి నిజంగానే ఏమీ తెలియదు. నోరు మూసుకొని సంతకం పెట్టాను. పీహెచ్‌డీ చేసినవాడి నోరు మూయించడానికి ఆ ఒక్క మాట సరిపోయింది. మన తాతల చేత వేలిముద్రలు వేయించుకున్న పద్ధతీ ఇదే కదా. నీకు అర్థం కాదు, ఇక్కడ వెయ్యి.

ఆ వారం నిద్ర పట్టలేదు. ఆదివారం శామీర్‌పేట చెరువు దగ్గర ఒక చాయ్ బండి కాడ ఆ పిల్లవాడిని కలిశాను. తప్పయిందిరా అన్నాను. వాడు ఆ మాట పట్టించుకోకుండా, "సార్, అసలు ఇది ఎట్ల పనిచేస్తదో చూస్తరా?" అని ఫోన్ తీశాడు. ఆ రోజు నేను విద్యార్థిని.

ప్రాక్సీ అంటే మన క్లాసురూముల్లో ఒకటే అర్థం, ఒకడి అటెండెన్స్ ఇంకొకడు పలకడం. ఫోన్లోనూ దాదాపు అంతే. నువ్వు వెళ్ళలేని చోటికి నీ తరఫున ఇంకో మెషిన్ వెళ్ళి, అక్కడిది తెచ్చి నీకిస్తుంది. మామూలు వీపీఎన్ ఫోన్లోంచి పోయే ప్రతిదాన్నీ సాధారణంగా ఒకే దారిలో పంపిస్తుంది. దాంతో చిక్కేమిటంటే, విదేశీ సర్వర్ మీదుగా పోతే మన ప్రభుత్వ సైట్లు, బ్యాంకు యాప్‌లు చాలాసార్లు తెరుచుకోవు. స్కాలర్‌షిప్ దరఖాస్తు చేసుకోవాల్సిన పిల్లవాడికి అది కుదరదు. షాడోరాకెట్, సర్జ్, సింగ్-బాక్స్, క్లాష్ కుటుంబం యాప్‌లు అందుకే వేరు. ఇవి రూల్స్ మీద నడుస్తాయి. ఫోన్లోంచి బయటికి పోయే ప్రతి కనెక్షన్‌నూ ఆపి, ఎక్కడికి పోతున్నావని అడిగి, లిస్టు చూసి, మూడింటిలో ఒకటి చేస్తాయి. డైరెక్ట్: నేరుగా పో. ప్రాక్సీ: ఆ సర్వర్ మీదుగా చుట్టు తిరిగి పో. రిజెక్ట్: పోవద్దు.

యాప్ ఉత్త పనిముట్టు. సర్వర్ మనమే తెచ్చుకోవాలి. లిస్టు మనమే రాసుకోవాలి, లేదా ఎవరో రాసింది ఎక్కించుకోవాలి.

ఆ పిల్లవాడి లిస్టులో 23 లైన్లు ఉన్నాయి. పైన ప్రభుత్వ సైట్లు, డైరెక్ట్. తర్వాత బ్యాంకు, డైరెక్ట్. కాలేజీ పోర్టల్, డైరెక్ట్. ప్రకటనలు తోసే కొన్ని పేర్లు, రిజెక్ట్. ఆ కింద ఫిల్టర్ ఆపేస్తున్న కొన్ని సైట్లు, ప్రాక్సీ. అందులో అంబేడ్కర్ రచనల పీడీఎఫ్‌లు ఉన్న ఒక ఆర్కైవ్ ఉంది, ఒక దళిత విద్యార్థుల పేజీ ఉంది, కోడింగ్ పాఠాల సైట్ ఒకటుంది. క్రికెట్ కూడా ఉంది. పంతొమ్మిదేళ్ళ పిల్లవాడు, ఉండదా? చివరి లైను: మిగతావన్నీ డైరెక్ట్. అంటే తనకు అవసరమైన నాలుగు తలుపులు తప్ప మిగతా అంతా కాలేజీ దారిలోనే పోతున్నాడు.

"మరి ఆ ఇద్దరివీ?" అని అడిగాను.

"ఆళ్ళ లిస్టు ఆళ్ళే చదవలే సార్. టెలిగ్రామ్ల లింక్ దొరికింది, ఎక్కిచ్చుకున్నరు. వందల లైన్లుంటయ్. నాది నేనే రాసుకున్న."

చూశారా? చదవకుండా ఎక్కించుకున్నవాళ్ళు తెలివైనవాళ్ళయ్యారు. ప్రతి లైనూ అర్థం చేసుకొని రాసుకున్నవాడు అనుమానితుడయ్యాడు. మనవాడికి తెలివి ఉంటే దాని వెనక ఎవరో ఉండాలి. "ఎవరు నేర్పిండ్రు నీకు?" అన్న ప్రశ్నకు అర్థం అదే.

వాడు నాకు చెప్పిన ముఖ్యమైన పాఠం ఇంకొకటుంది. లిస్టు పైనుంచి కిందికి చదవబడుతుంది. మొదట ఏ రూలు సరిపోతే అదే అమలు. దాని కింద ఎంత మంచి రూలున్నా యాప్ అక్కడిదాకా రాదు. "రూలు రాస్తే సాలదు సార్, ఎన్నో లైన్ల ఉందో సూడాలె."

పదేళ్ళుగా పాఠాలు చెబుతున్నాను, మన బతుకును ఇంత సూటిగా చెప్పిన వాక్యం నాకు తట్టలేదు. 15వ అధికరణం లిస్టులో ఉంది. 17వ అధికరణం ఉంది. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 1989 నుంచీ ఉంది. ఎవరూ కొట్టేయలేదు. కానీ వాటి పైన ఎవరూ రాయని రూలొకటి కూర్చొని ఉంది, ముందు అదే మ్యాచ్ అయిపోతోంది. ఆ రోజు కమిటీలోనూ అంతే. మొదటి తప్పుకి హెచ్చరిక అనే రూలు పుస్తకంలో ఉంది. దాని పై లైన్లో "ఎవరి కొడుకు?" అని ఉంది. పిల్లవాడి కేసు కింది లైనుదాకా రానేలేదు.

మహద్ చెరువును గుర్తు చేసుకోండి. ప్రభుత్వ చెరువులు, బావులు అంటరానివారికి కూడా అని బొంబాయి శాసనమండలి 1923లో తీర్మానం చేసింది. మహద్ మునిసిపాలిటీ 1924లో ఒప్పుకుంది. రూలు మారింది, నీళ్ళు మాత్రం దొరకలేదు. 1927 మార్చి 20న బాబాసాహెబ్ వేలమందితో నడిచి వెళ్ళి ఆ చెరువులో నీళ్ళు తాగాల్సి వచ్చింది. ఆ తర్వాత చెరువును "శుద్ధి" చేశారు. అదే ఏడాది డిసెంబరు 25న ఆయన మనుస్మృతిని తగలబెట్టించారు. కింద కొత్త రూలు చేర్చితే సరిపోదని, పైనున్న లైనును తీసేయాలని చేసిన పని అది.

రూల్స్‌లో రకాలుంటాయని కూడా ఆ పిల్లవాడే చూపించాడు. కీవర్డ్ రూలు అని ఒకటి ఉంది. సైట్ పేరులో ఎక్కడైనా ఆ అక్షరాలు కనిపిస్తే చాలు, పట్టేస్తుంది. ఐపీ రూలు ఇంకొకటి, అది పేరు చూడదు, చిరునామా ఏ గుంపులోదో చూస్తుంది. వింటుంటే నాకు మేడ్చల్‌లో అద్దె గది కోసం తిరిగిన రోజులు గుర్తొచ్చాయి. "ఇంటిపేరేంటండీ?" అది కీవర్డ్ రూలు. పేరుతో తేలకపోతే, "ఏ ఊరు? ఊర్లో ఎక్కడ?" అది ఐపీ రూలు. అదీ తేలకపోతే, "వంటలో ఏమేం చేసుకుంటారు?" ఏ ఓనరూ నా మొహం మీద ఇవ్వనని అనలేదు. "మావాళ్ళను అడిగి ఫోన్ చేస్తాం సార్" అన్నారు. ఈ యాప్‌ల్లో దానికీ పేరుంది. రిజెక్ట్ అంటే కాదని వెంటనే చెప్పేయడం. రిజెక్ట్-డ్రాప్ అంటే ఏ జవాబూ ఇవ్వకుండా వదిలేయడం. అడిగినవాడు ఎదురుచూస్తూనే ఉంటాడు. మనకు ఎక్కువగా దక్కేది ఈ రెండోదే.

కాలేజీ ఫిల్టర్ కూడా లిస్టే. ఎవరో కంపెనీవాళ్ళు ప్రపంచంలోని సైట్లన్నిటినీ వర్గాలుగా విడదీసి అమ్ముతారు. కాలేజీ కొనుక్కొని వర్గాల పక్కన టిక్కులు పెడుతుంది. కొన్ని లిస్టుల్లో హక్కుల సంఘాల సైట్లు, లైంగిక విద్య పాఠాలు, జూదం, అశ్లీలం అన్నీ "పెద్దలకు మాత్రమే" అనే ఒకే మూటలో ఉంటాయి. ఆ మూటకు టిక్కు పెడితే అన్నీ ఒక్కసారే బంద్. హక్కులు అడగడం, నీలిచిత్రాలు చూడడం ఒకే వర్గం అని తేల్చింది ఎవరు? ఏ బోర్డ్ ఆఫ్ స్టడీస్? ఎవరికీ తెలియదు. ఏ సైట్ ఎందుకు ఆగిందో అడగడానికి దరఖాస్తు కూడా లేదు. వర్ణాలు చేసినవాడు కనీసం శ్లోకాలు రాసిపెట్టాడు. వీళ్ళది అదీ లేదు.

పైన ప్రభుత్వం దగ్గరా ఇదే కథ. ఐటీ చట్టం 69ఏ సెక్షన్ కింద కేంద్రం సైట్లను ఆపగలదు. 2009 నిబంధనల్లో 16వ నిబంధన ప్రకారం ఆ ఫిర్యాదులు, చర్యలు రహస్యం. 2015లో శ్రేయా సింఘాల్ కేసులో సుప్రీంకోర్టు 66ఏను కొట్టేసింది, మనమంతా సంబరపడ్డాం. 69ఏను మాత్రం అలాగే నిలబెట్టింది. 2023 జనవరిలో గుజరాత్ మీద బీబీసీ తీసిన డాక్యుమెంటరీ లింకులను తీసేయించినప్పుడు ఉత్తర్వు పాఠం జనం ముందు పెట్టలేదు. అయినా ఆ నెలలోనే మన హెచ్‌సీయూ విద్యార్థులు క్యాంపస్‌లో ప్రదర్శించి చూశారు. ఆ క్యాంపస్‌కు ఇది కొత్త కాదు. రోహిత్ వెళ్ళిపోయిన రెండు నెలలకు, 2016 మార్చి 22న వీసీ తిరిగొచ్చినప్పుడు నిరసన జరిగింది, లాఠీలు ఆడాయి, ఆ తర్వాత మెస్‌లు మూతపడ్డాయి, నీళ్ళు ఆగాయి, ఇంటర్నెట్ ఆగింది. అన్నం, నీళ్ళు, ఇంటర్నెట్, మూడూ ఒకే వరసలో. వైఫైలో ఏముంది అని అడిగేవాళ్ళకు నా జవాబు అదే.

లిస్టులో చివరి లైను మరీ ముఖ్యం. పైన ఏదీ సరిపోకపోతే ఏం చేయాలో అది చెబుతుంది. ఆ పిల్లవాడి చివరి లైను "మిగతావన్నీ డైరెక్ట్". 2020 జనవరిలో కశ్మీర్‌లో ఇంటర్నెట్‌ను కొద్దిగా తెరిచినప్పుడు, ప్రభుత్వం అనుమతించిన సైట్ల జాబితా మొదట 153. అంటే అక్కడి జనం మొత్తానికి చివరి లైను "మిగతావన్నీ రిజెక్ట్". వీపీఎన్‌లతో సోషల్ మీడియా వాడారని మరుసటి నెలలో ఊపా కింద కేసు పెట్టారు. ఊరి బావికీ, గుడికీ, వీధికీ మన తాతల కాలంలో ఉన్న చివరి లైను కూడా అదే. అనుమతి ఉన్నవాళ్ళ పేర్లు పైన, మిగతావాళ్ళు బయట. ఏ వ్యవస్థనైనా తూకం వేయాలంటే ముందు దాని చివరి లైను చదవండి.

"మీరు తెలుగు డిపార్ట్‌మెంట్" అన్నారు కదా, తెలుగు డిపార్ట్‌మెంట్ నుంచే ఒక మాట చెబుతాను. 1941లో జాషువా గబ్బిలం రాశాడు. కాళిదాసు యక్షుడు మేఘంతో సందేశం పంపితే అది విరహం. జాషువా అరుంధతీయుడు శివుడికి గబ్బిలంతో కబురు పంపితే అది వేరే సంగతి. అతనికి గుడిలోకి దారి లేదు, గబ్బిలానికి ఉంది. తాను పోలేని చోటికి పోగలిగినదాని చేత తన మాట పంపాడు. మన సాహిత్యంలో ప్రాక్సీ అంటే ఏమిటో నాకు 20 ఏళ్ళ నుంచీ తెలుసు, కమిటీలో కూర్చున్నప్పుడు గుర్తుకు రాలేదు, అంతే. గబ్బిలాన్ని వాడుకున్నందుకు ఆ మనిషిని నేరస్తుడంటారా, గుడి తలుపు మీద రూలు రాసినవాణ్ణి అంటారా?

అలాగని ప్రాక్సీయే విముక్తి అనే టెక్ మిత్రుల మాట నేను అనను. తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ఇక్కడ జాగ్రత్తగా వినండి. కాలేజీ కంటికి కనపడకుండా పోయారంటే, ప్రాక్సీ సర్వర్ యజమాని కంటికి కనపడుతున్నారని అర్థం. మీరు ఏ సైట్‌కు ఎప్పుడు పోయారో అతను చూడగలడు. సైట్ లోపల మీరేం రాశారో మామూలుగా అతనికి తెలియదు, ఎందుకంటే అది తాళం వేసి పోతుంది. కానీ కొన్ని రెడీమేడ్ కాన్ఫిగ్‌లు ఫోన్లో ఒక సర్టిఫికెట్ పెట్టుకొని దాన్ని నమ్మమంటాయి. నమ్మారా, తాళంచెవి ఇచ్చేసినట్టే. పాస్‌వర్డ్‌లతో సహా అన్నీ తెరిచి చూసే వీలుంటుంది. టెలిగ్రామ్‌లో ఉచితంగా దొరికే సర్వర్ ఎవరిదో మీకు తెలియదు. ఒక దొర దగ్గర పారిపోయి ఇంకో దొర వాకిట్లో పడుకోవడం విముక్తి కాదు. ఇంకో మాట. లిస్టు సరిగ్గా రాసుకోకపోతే, మీరు వెతికిన సైట్ పేరు డీఎన్ఎస్ ద్వారా కాలేజీ నెట్‌వర్క్‌కే ముందు తెలిసిపోవచ్చు. ఆ యాప్‌ల్లో లాగ్ పేజీ ఉంటుంది, ఏ కనెక్షన్ ఏ రూలుకి పట్టుబడిందో అందులో కనిపిస్తుంది. అది చూడడం నేర్చుకోండి.

నా మాట యాప్ వాడండని కాదు, వాడొద్దనీ కాదు. చదవని రూలు కింద బతకొద్దు. అది కాలేజీ రాసినా, ఢిల్లీ రాసినా, టెలిగ్రామ్‌లో ముక్కూమొహం తెలియనివాడు రాసినా.

ఇక నా సహోద్యోగుల వాదన. "క్రమశిక్షణ వద్దా? పిల్లలు బూతు సినిమాలు చూస్తే మీది బాధ్యతా?" అని అడుగుతున్నారు. సరే, అదే నిబంధనగా రాయండి. ఏ వర్గాలు ఆపుతున్నారో రాయండి, ఎందుకో రాయండి, ముగ్గురికీ ఒకే శిక్ష వేయండి. అప్పుడు నేనే ముందు సంతకం పెడతాను. ఇంకో వాదన, "ఇది చట్టవిరుద్ధం". ఏ చట్టం? ప్రాక్సీ యాప్ ఫోన్లో ఉండడమే నేరమనే చట్టం దేశంలో లేదు. 2022 ఏప్రిల్ 28న సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాలు వీపీఎన్ అమ్మే కంపెనీలకు: వాడేవాళ్ళ వివరాలు అయిదేళ్ళు దాచిపెట్టాలని. ఆ తర్వాత ఇచ్చిన వివరణలో కార్పొరేట్ వీపీఎన్‌లకు ఇది వర్తించదన్నారు. జీనోమ్ వ్యాలీలో ల్యాప్‌టాప్ తెరిచే ఉద్యోగి పొద్దున్నే కంపెనీ సొరంగంలోంచి పోతే అది ఆఫీసు పని. అదే ఆవరణ ఊడ్చేవాడి కొడుకు నాలుగు సైట్ల కోసం చుట్టుదారి పడితే "ఏ గ్రూపుల ఉన్నవ్?"

ఫోన్ లాక్ తీయమన్న మాట దగ్గరా ఆగాలి. 2021 అక్టోబరులో హైదరాబాద్ వీధుల్లో పోలీసులు బండ్లు ఆపి ఫోన్లలో గంజాయి అనే మాట వెతుకుతున్న వీడియోలు చూశాం, అప్పుడు తప్పని రాశాం. 2017లో పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది జడ్జీలు వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అన్నారు. పోలీసు చేస్తే తప్పయింది లెక్చరర్ చేస్తే క్రమశిక్షణ ఎట్లవుతుంది? ఆ గదిలో ఆ మాట అన్నప్పుడు నేను అక్కడే కూర్చొని ఉన్నాను. అది నా సిగ్గు.

ఆ సంతకాన్ని వెనక్కి తీసుకుంటున్నానని ప్రిన్సిపాల్‌కి కాగితం రాసిచ్చాను. అందులో నాలుగు విషయాలు అడిగాను. ఒకటి, వైఫైలో ఏ వర్గాలు ఆపుతున్నారో నోటీసు బోర్డు మీద తెలుగులో పెట్టాలి. రెండు, ఏ సైట్ అయినా తెరవమని అడగడానికి ఒక దరఖాస్తు, దానికి గడువులోపల రాతపూర్వక జవాబు ఉండాలి. మూడు, కమిటీ ఎవరి ఫోనూ తెరవమనకూడదు. నాలుగు, ఒకే తప్పుకి ఒకే శిక్ష, అంటే ఆ పిల్లవాడిని తిరిగి హాస్టల్లోకి తీసుకోవాలి. యూజీసీ 2012 నిబంధనల ప్రకారం ప్రతి కాలేజీలో వివక్ష ఫిర్యాదులు చూసే అధికారి ఉండాలి. మా దగ్గర ఎవరని అడిగాను. జవాబు రాలేదు. రిజెక్ట్-డ్రాప్.

పిల్లవాడు ఇప్పుడు శామీర్‌పేట అవతల వాళ్ళ నాన్న అద్దె గది నుంచి రెండు బస్సులు మారి కాలేజీకి వస్తున్నాడు. మొదటి పీరియడ్ సగం పోతుంది. అటెండెన్స్ తగ్గితే అదింకో రూలు, దాన్ని మాత్రం పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు అమలు చేస్తారు.

ఇది చదువుతున్న విద్యార్థులకు ఒక పని. రేపు మీ హాస్టల్ నిబంధనల పుస్తకం అడగండి. లేదంటే లేదని రాసివ్వమనండి. ఉంటే పై లైను నుంచి చివరి లైను దాకా చదవండి. మీ రూలు ఎన్నో లైన్లో ఉందో, దాని పైన ఎవరూ రాయని లైను ఏముందో కింద కామెంట్లలో రాయండి. కాలేజీ పేరొద్దు, మీ పేరొద్దు. లైను మాత్రం రాయండి. ఒక్కొక్కటీ కలిపి లిస్టు చేద్దాం. ఈసారి లిస్టు మన చేతిలో ఉంటుంది.

జై భీమ్.